ఏ రాజుకీ రాజధాని కాని పాలకొల్లు

గోపురం నీడలో గుడి, కాలువ గట్టున కొబ్బరి బజారు, తెర మీద తెలుగువాళ్ళందరికీ తెలిసిన ముఖాలు... పశ్చిమ డెల్టాలో ఒక చిన్న పట్నం పెద్ద కథ

భీమవరం వైపు నుంచి వచ్చినా, చించినాడ వంతెన దాటి కోనసీమ వైపు నుంచి వచ్చినా, నరసాపురం నుంచి వచ్చినా ఊరి కంటే ముందు గోపురమే పలకరిస్తుంది. తొమ్మిది అంతస్తులు, సుమారు 120 అడుగుల ఎత్తు. చుట్టూ ఎటు చూసినా కొండ అన్నది కనిపించని నేల ఇది. వరిచేలు, చేపల చెరువులు, కొబ్బరి తోటలు తప్ప చూపుకి అడ్డం పడేది మరొకటి లేదు. అందుకే పాలకొల్లు గోపురం అంత దూరానికి కనబడుతుంది. బాటసారులకీ పడవలవాళ్ళకీ తరతరాలుగా అదే కొండగుర్తు.

చరిత్ర పుస్తకాల్లో పాలకొల్లు కోసం వెతికితే మాత్రం అంత తేలిగ్గా దొరకదు. రాజులు కూర్చున్న ఊళ్ళ చుట్టూనే మన చరిత్రలు తిరుగుతాయి కదా. తూర్పు చాళుక్యులు 7వ శతాబ్దంలో వేంగి నుంచి ఏలారు. ఏలూరు పక్కన ఉన్న నేటి పెదవేగి అది. రాజరాజ నరేంద్రుడి నాటికి సింహాసనం రాజమహేంద్రవరంలో ఉంది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ తీరానికి పెద్ద దిక్కు బందరు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా పుడితే కచేరీలన్నీ ఏలూరులో పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల్ని మళ్ళీ విడగొట్టినప్పుడు కలెక్టరాఫీసు భీమవరానికి వెళ్ళింది. పాలకొల్లుకి ఏ కాలంలోనూ గద్దె దక్కలేదు. అయినా రాజధానుల్లో జరగవలసిన పనులు చాలా ఇక్కడ జరిగాయి. యాత్రికులు వచ్చారు, పరదేశీ వర్తకులు వచ్చారు, సరుకు వచ్చి పోయింది, కళాకారులు పుట్టి దేశం మీద పడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం 61 వేల పైచిలుకు మనుషులున్న ఊరు ఇంత పని ఎలా చేసిందన్నదే ఈ కథ.

పాలకొలను ఒడ్డున

కథ శివుడితో మొదలవుతుంది. తారకాసురుడి మెడలోని ఆత్మలింగాన్ని కుమారస్వామి ఛేదించాడనీ, అది అయిదు ముక్కలై అయిదు చోట్ల పడిందనీ పురాణగాథ. అవే పంచారామాలు. అమరావతిలో అమరారామం, ద్రాక్షారామం, సామర్లకోటలో కుమారారామం, భీమవరం గునుపూడిలో సోమారామం, పాలకొల్లులో క్షీరారామం. ఇక్కడి స్వామి క్షీరా రామలింగేశ్వరుడు. లింగం శిఖ కొప్పులా ఉంటుంది గనుక కొప్పు లింగేశ్వరుడనీ పిలుస్తారు. క్షేత్రపాలకుడు జనార్దనస్వామి. శివుడి గుడికి విష్ణువు కాపలా అన్నమాట. శైవ వైష్ణవాల పేరిట తగువులాడుకున్న దేశంలో ఈ ఏర్పాటు నాకు ఎప్పుడూ ముచ్చటగానే అనిపిస్తుంది.

ఊరి పేరు వెనక ఉపమన్యుడి కథ ఉంది. పాల కోసం ఏడ్చిన ముని బాలుడి మీద దయ తలచి శివుడు ఇక్కడి కొలనునే పాలతో నింపాడట. పాలకొలను, క్షీరపురి, ఉపమన్యుపురం అన్న పేర్లన్నీ అందులోంచే వచ్చాయంటారు. కథ సంగతి ఎలా ఉన్నా లింగం మాత్రం తెల్లగా పాలరంగులోనే ఉంటుంది. ద్రాక్షారామంలోనూ అమరావతిలోనూ సామర్లకోటలోనూ లింగం రెండంతస్తుల ఎత్తు పెరిగి ఉంటుంది. కింద పాదం చూసి, మెట్లెక్కి శిరస్సు చూడాలి. పాలకొల్లులో అలా కాదు. చిన్న లింగం, చేరువగా కనబడే దేవుడు. బయట ఆకాశాన్నంటే గోపురం, లోపల అందుబాటులో స్వామి. ఈ తేడా గుడిలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ మనసుకి తడుతుంది.

పంచారామాల్లో ద్రాక్షారామం, సామర్లకోట గుళ్ళ నిర్మాణంతో చాళుక్య భీముడి పేరు ముడిపడి ఉంది. ఆయన 9వ శతాబ్దం చివర, 10వ శతాబ్దం మొదట్లో ఏలినవాడు. పాలకొల్లు గుడీ చాళుక్యుల నాటిదేనని స్థానికుల నమ్మకం. తర్వాతి కాలపు రాజులూ దాతలూ మండపాలూ గోపురాలూ చేరుస్తూ వచ్చారు. లోపలి మండపంలో నల్లరాతి స్తంభాల మధ్య నిలబడితే బయట ఎంత ఎండ కాస్తున్నా ఒళ్ళు చల్లబడుతుంది. శ్రీనాథుడు ద్రాక్షారామ భీమేశ్వరుడి మీద ఏకంగా ఒక పురాణమే రాశాడు గనుక ఆ గుడికి సాహిత్యంలో పెద్దపీట పడింది. పాలకొల్లుకి అలాంటి కవి దొరకలేదు.

కార్తీక మాసం వస్తే మాత్రం ఆ లోటేమీ కనబడదు. ఆర్టీసీ వాళ్ళు పంచారామాల బస్సులు వేస్తారు. ఒక్క రోజులో అయిదు గుళ్ళూ చుట్టబెట్టే యాత్ర. విజయవాడ నుంచి బయల్దేరిన బస్సయితే అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట వరస. కార్తీక సోమవారాల్లో పెద్దగోపురం చుట్టూ వీధులన్నీ బస్సులే. తడి జుట్లతో దీపాలు పట్టుకున్న ఆడవాళ్ళు, ఉపవాసంతో డస్సిపోయిన పెద్దలు, అరటిదొప్పలూ ఉసిరికాయలూ అమ్మే పిల్లలు. భక్తి కోసం వచ్చేవాళ్ళు ఆ రద్దీలోనే రావాలి. గుడిని చూడాలనుకునేవాళ్ళు మాత్రం ఆ నెల దాటాక ఏ మంగళవారం ఉదయమో వెళ్ళండి. అష్టభుజ లక్ష్మీనారాయణస్వామి గుడి కూడా ఊళ్ళోనే ఉంది. యాత్రా బస్సుల హడావుడిలో చాలామంది దాన్ని చూడకుండానే వెళ్ళిపోతారు.

వలందుల కాలం

ఊరివాళ్ళకే అంతగా తెలియని అధ్యాయం ఇది. హాలెండు దేశపు వర్తకులు 1602లో ఒక పెద్ద కంపెనీ పెట్టుకున్నారు. మూడు నాలుగేళ్ళకే బందరులో దిగారు. ఆ 17వ శతాబ్దంలోనే గోదావరి డెల్టాలోకి వచ్చి పాలకొల్లులో గిడ్డంగి కట్టారు. మనవాళ్ళు ఈ డచ్చివాళ్ళని వలందులన్నారు. నరసాపురంలో గోదావరి ఒడ్డున వలంధర రేవు ఇప్పటికీ ఉంది. పుష్కరాలకి జనం మునిగేది అక్కడే.

అంత దూరం నుంచి ఇంత చిన్న ఊరికి ఎందుకొచ్చినట్టు? గుడ్డ కోసం. వాళ్ళకి కావలసింది మొలక్కా దీవుల్లో దొరికే లవంగాలు, జాజికాయలు. ఆ దీవులవాళ్ళు వెండి ఇస్తామంటే పుచ్చుకునేవాళ్ళు కారు. మన తీరంలో నేసి రంగులద్దిన బట్టలు కావాలనేవాళ్ళు. కాబట్టి వెండీ బంగారం పట్టుకుని ఓడలు ముందు ఇక్కడికి వచ్చేవి. ఇక్కడ బట్టల బేళ్ళు ఎక్కించుకుని తూర్పు దీవులకి వెళ్ళేవి. అక్కడ బట్టలు దింపి సుగంధ ద్రవ్యాలు నింపుకునేవి. పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో మగ్గం మీద పడిన ప్రతి పోగూ ఈ లెక్కలో భాగమే. బట్టతో పాటు దీపాల నూనె, కలప, పెంకులు, ఇటుకలు కూడా ఇక్కడి నుంచి పోయేవి. గోదావరి ఒండ్రుమట్టిని కాల్చిన ఇటుక పరదేశీయుల కోటల గోడల్లోకి వెళ్ళిందంటే ఆశ్చర్యం వేస్తుంది గాని, ఈ మట్టిని చేత్తో తాకినవాళ్ళకి అందులో వింతేమీ ఉండదు.

పక్కనే ఇంగ్లీషువాళ్ళు నరసాపురం దగ్గర మాధవాయిపాలెంలో మకాం పెట్టారు. అక్కడి నుంచి ఎగుమతైన నూలుబట్టకి ఆ పాలెం పేరే స్థిరపడిపోయింది. ఫ్రెంచి నిఘంటువుల్లో మడపొలం అనే బట్ట పేరు ఈనాటికీ ఉంది. ఆ పాలెంలో చాలా మటుకు గోదావరిలో కలిసిపోయింది. నరసాపురం రేవులో ఓడలు కట్టే పనివాళ్ళుండేవారు. 17వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు వాళ్ళ పనితనాన్ని మెచ్చుకుంటూ రాశాడు.

ఆ తర్వాత ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇక్కడ తాళాలు చేతులు మారాయి. 1781లో ఇంగ్లీషువాళ్ళు ఈ తీరంలోని డచ్చి స్థావరాల్ని పట్టుకున్నారు. తిరిగి ఇచ్చారు. మళ్ళీ తీసుకున్నారు. చివరికి 1824లో లండన్‌లో ఒప్పందం కుదిరి, 1825లో డచ్చివాళ్ళు తెలుగునేల మీది తమ స్థావరాలన్నిటినీ ఇంగ్లీషు కంపెనీకి అప్పగించి వెళ్ళిపోయారు. వాళ్ళు ఇక్కడ రెండు వందల ఏళ్ళ పాటు వ్యాపారం చేశారు, పిల్లల్ని కన్నారు, చనిపోయిన వాళ్ళని ఇక్కడి మట్టిలోనే పాతిపెట్టుకున్నారు. బ్రిటిషు కాలపు గెజిటీర్లలో పాలకొల్లులోని 17వ శతాబ్దపు డచ్చి సమాధుల ప్రస్తావన ఉంది. భీమునిపట్నంలో డచ్చి సమాధుల దగ్గరికి పర్యాటకుల్ని తీసుకెళ్తారు. పులికాట్‌లో పురావస్తు శాఖవాళ్ళు బోర్డు పెట్టి కాపాడుతున్నారు. పాలకొల్లులో మాత్రం ఆ చరిత్రని చెప్పే చిన్న గదయినా లేదు. పురపాలక సంఘానికి వందేళ్ళు దాటాయి. ఊళ్ళో ఒక పాత భవనంలో నాలుగు గదులు కేటాయించి, శాసనాల నకళ్ళూ పాత పటాలూ మగ్గం గుడ్డలూ ఓడల బొమ్మలూ పెడితే బడిపిల్లలు తమ ఊరు ఏమిటో తెలుసుకుంటారు. దానికి పెద్ద నిధులు అక్కర్లేదు. పూనుకునే మనుషులు కావాలి.

కాలువ వచ్చాక

డచ్చివాళ్ళు వెళ్ళేనాటికి ఈ ప్రాంతం పచ్చగా లేదు. మనం ఈ రోజు చూసే డెల్టాకి 180 ఏళ్ళు కూడా నిండలేదు. 1832, 33ల్లో నందన కరువు ఈ జిల్లాల్ని ఊడ్చేసింది. పక్కనే గోదావరి పారుతున్నా పొలానికి నీళ్ళు లేక జనం చచ్చిపోయారు. బతికినవాళ్ళు వలసపోయారు. సర్ ఆర్థర్ కాటన్ పట్టుబట్టి 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించి, 1852 నాటికి పూర్తిచేయించాడు. ఆ నీళ్ళే పశ్చిమ డెల్టా కాలువల మీదుగా పాలకొల్లు దాకా, అటు నరసాపురం దాకా వచ్చాయి.

కాలువ వచ్చాక ఊరి బతుకు మారిపోయింది. సార్వా, దాళ్వా రెండు పంటలు పండాయి. ధాన్యం పడవలకెక్కింది. లాకుల దగ్గర పడవ ఆగడం, తలుపులు మూయడం, నీటి మట్టం సమానమయ్యాక మళ్ళీ కదలడం, ఆ ఆగిన కాసేపట్లోనే బేరాలు, కబుర్లు, పెళ్ళి సంబంధాలు. రోడ్లు బాగుపడి లారీలు దిగేదాకా డెల్టాలో జీవితం ఆ లయలోనే నడిచింది. ఇక్కడికి దగ్గర్లోని మార్టేరులో 1925లో వరి పరిశోధనా కేంద్రం పెట్టారు. అక్కడ పుట్టిన ఎం.టి.యు. 7029ని రైతులు స్వర్ణ అంటారు. ఒరిస్సా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా పాకిన వంగడం అది. కాటన్‌దొర సన్నాలు కూడా అక్కడిదే. ధాన్యపు గింజకి ఆ దొర పేరు పెట్టుకున్న జనం మనం. ఊరూరా ఆయన విగ్రహాలు ఎందుకున్నాయో బయటివాళ్ళకి విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఆ కాలువని ఇవాళ ఎలా చూసుకుంటున్నామన్నది వేరే సంగతి. ఎగువన ఊళ్ళన్నీ వాడుకున్నాక శివారుకి వచ్చే నీరు ఇది. దారిలో కలిసిన మురుగంతా దీనితోనే వస్తుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే తాగునీటికి చెరువులే గతి. రొయ్యల చెరువులు పెరిగాక పక్క చేలలోకి ఉప్పు ఊరుతోందని వరి రైతులు మొత్తుకుంటున్నారు. చెరువు తవ్వినవాడిదీ అప్పుల బతుకే, ఒక్క వైరస్ వస్తే కోట్లు నీళ్ళపాలు. ఇద్దరి బాధా నిజమే. కానీ ఈ నేలని నిలబెట్టింది మంచినీళ్ళు. కాలువని మురుగ్గుంటగా మార్చుకుంటే ఆ తర్వాత మిగిలేది ఏమీ ఉండదు.

గోదావరి కోపం కూడా ఈ ఊరికి తెలుసు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద పోటెత్తింది. అంతటి నీటిని అంతకు ముందు గాని తర్వాత గాని ఆనకట్ట చూడలేదు. 1996 నవంబరు తుపాను కోనసీమ మీదుగా పోతూ లక్షల కొబ్బరి చెట్ల మెడలు విరిచింది. మొక్క పెట్టి కాపుకొచ్చేదాకా ఆగాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో కొబ్బరి మీద బతికే వాళ్ళనడిగితే చెబుతారు.

కాయ, కురిడీ

పాలకొల్లు పేరు చెబితే ఉత్తరాది వర్తకుడికి ముందు గుర్తొచ్చేది కొబ్బరి. తోటలో నెలన్నరకో రెండు నెలలకో దింపు తీస్తారు. చెట్టెక్కే దింపు కార్మికుడు గెల మీద వేలితో తట్టి, కాయ ముదిరిందో లేదో చప్పుడుని బట్టే చెబుతాడు. కింద రాసులు పోశాక ఒలుపు మొదలవుతుంది. నేలలో నిలువుగా పాతిన గునపం మొన మీద కాయని గుచ్చి, రెండు చేతులా ఒక్క మెలి తిప్పితే పీచు ఊడుతుంది. మళ్ళీ గుచ్చి మళ్ళీ తిప్పితే కాయ బయటికొస్తుంది. చూస్తుంటే ఇంతేనా అనిపిస్తుంది. ఏమరుపాటుగా ఉంటే అరచెయ్యి చీల్చుకుపోతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే గునపం ముందు వంగి నిలబడితే నడుము ఏమవుతుందో పనివాళ్ళ నడక చూస్తే తెలుస్తుంది. ఇప్పుడు ఈ పనికి కుర్రాళ్ళు రావడం లేదని తోటల వాళ్ళంతా అంటున్న మాట. రాకపోవడంలో తప్పు పట్టడానికేమీ లేదు.

ఒలవకుండా ఉంచే కాయలు కొన్ని. వాటిని అటకల మీద నెలల తరబడి ఆరబెడతారు. లోపలి నీళ్ళు ఇంకిపోయి కొబ్బరి చిప్ప నుంచి విడిపోతుంది. కాయ ఊపితే గింగురుమంటూ మోగుతుంది. అదే కురిడీ. అందులో గండేరా, గటగట అని రకాలు, మళ్ళీ పాతకాయా కొత్తకాయా అని తేడాలు. దసరా, దీపావళి వచ్చే ముందు రాజస్థాన్, గుజరాత్, మధ్యప్రదేశ్, ఉత్తరప్రదేశ్ వైపు లారీలు కదులుతాయి. ఆ నెలల్లో బజారులో ఎవరు ఎవరికి ఎదురుపడ్డా పలకరింపు ఒకటే: "కాయ ఎంతుందండీ?" "ఆయ్, ఇవాళ కాస్త కదిలిందండి." తమిళనాడులోనో కేరళలోనో కాపు ఎక్కువైతే ఇక్కడ ధర పడిపోతుంది. అక్కడ ఎండిపోతే ఇక్కడ పెరుగుతుంది. కాశీలో భక్తురాలు కొట్టే టెంకాయ వెనక పాలకొల్లు అటక ఉండొచ్చు. ఆమెకి ఆ సంగతి తెలియకపోవచ్చు.

ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతుల్లో మరో వ్యాపారం నడుస్తుంది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో మధ్యాహ్నం పూట అరుగుల మీద కొక్కెంతో దారం అల్లుతూ కనిపిస్తారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఇది. విదేశాల్లో బల్లల మీద పరిచే గుడ్డలుగా, దుస్తుల అంచులుగా వెళ్ళిపోతుంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు పనివాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంటి పనితో పాటు గంటల తరబడి అల్లినా వాళ్ళని కార్మికులుగా లెక్కించరనీ, ఖాళీ సమయంలో కాలక్షేపంగా చూస్తారనీ ఆమె వివరించారు. ప్రపంచమంతా స్త్రీల శ్రమ గురించి చదివే విశ్వవిద్యాలయాల్లో ఆ పుస్తకం పాఠమైంది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు వల్ల అల్లినామె చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చేలా చూడటమే ఇక మిగిలిన పని.

తెర మీద పాలకొల్లు

ఇక సినిమా. ఈ ఊరి గురించి మాట్లాడుతూ సినిమా దగ్గరికి రావడానికి ఇంతసేపు పట్టిందంటే పాలకొల్లువాళ్ళు ఊరుకోరు.

అల్లు రామలింగయ్య 1922 అక్టోబరు 1న ఇక్కడ పుట్టారు. నాటకాలు ఆడారు, స్వాతంత్ర్య ఉద్యమంలోకి దూకారు, హోమియోపతి వైద్యం నేర్చి మందులిచ్చారు. ప్రజా నాట్యమండలిలో గరికపాటి రాజారావు గారు ఆయన్ని చూశారు. 1953లో రాజారావు తీసిన 'పుట్టిల్లు'తో రామలింగయ్య తెర మీదికి వచ్చారు. ఆ తర్వాత అర్ధ శతాబ్దం పాటు వెయ్యికి పైగా సినిమాలు. 1990లో పద్మశ్రీ. గ్రామ కరణం, పూజారి, వడ్డీ వ్యాపారి, ఎవరి వేషం వేసినా ఆ నక్క వినయం, ఆ సన్నటి నవ్వు గోదావరి గట్టు మీద మనం చూసిన ఎవరో ఒకరిదే. పల్లెలో మనుషుల్ని నిశితంగా చూసినవాడు మాత్రమే అలా నటించగలడు. రాజమండ్రిలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలకి ఆయన పేరే పెట్టారు. హాస్యనటుడి పేరుతో వైద్య కళాశాల ఇంకెక్కడుందో నాకు తెలియదు.

ఇరవై ఏళ్ళ తర్వాత, 1942 మే 4న, దాసరి నారాయణరావు పుట్టారు. పేదరికం, చదువు, నాటకం కలిసి పెంచిన మనిషి ఆయన. 1972లో 'తాత మనవడు'తో దర్శకుడయ్యారు. నిర్మాత కె. రాఘవ. అప్పటిదాకా సినిమా అంటే హీరో పేరు. దాసరి వచ్చాక పోస్టరు మీద దర్శకుడి పేరు చూసి టిక్కెట్టు కొనే రోజులొచ్చాయి. మబ్బుల మధ్య ఆయన పేరు పడితే హాల్లో ఈలలు పడేవి. 150 దాకా సినిమాలు తీశారు. 'స్వర్గం నరకం', 'ప్రేమాభిషేకం', 'బొబ్బిలిపులి', 'మేఘసందేశం', 'ఒసేయ్ రాములమ్మ'. ఒక్క మనిషి ఇన్ని రకాల సినిమాలు తీశాడంటే నమ్మబుద్ధి కాదు. 'ఉదయం' దినపత్రిక పెట్టారు, కేంద్రమంత్రి అయ్యారు. ఆకలితో మద్రాసు చేరిన కుర్రాళ్ళకి అన్నం పెట్టి అవకాశం ఇచ్చిన పెద్దదిక్కు ఆయనే. 2017 మే 30న కన్నుమూశారు. ఆయన పుట్టినరోజుని తెలుగు సినిమావాళ్ళు దర్శకుల దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

దాసరి శిష్యుడు కోడి రామకృష్ణదీ ఈ ఊరే. 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య' తీశారు. నిర్మాత మళ్ళీ కె. రాఘవే. పదేళ్ళ తేడాతో పాలకొల్లు కుర్రాళ్ళిద్దరికి మొదటి అవకాశం ఇచ్చింది ఒకే మనిషి. ఆ సినిమా షూటింగు పాలకొల్లులోనే జరిగింది. కథానాయకుడు పక్కనున్న మొగల్తూరు చిరంజీవి. మాటలు రాసిన గొల్లపూడి మారుతీరావు నటుడిగా తొలిసారి తెర మీదికి వచ్చింది కూడా ఆ సినిమాతోనే. ఆ తర్వాత 'మంగమ్మగారి మనవడు', 'అంకుశం', 'అమ్మోరు', 2009లో 'అరుంధతి'. గ్రాఫిక్స్ మాయని తెలుగు తెరకి అలవాటు చేసిన వాళ్ళలో ఆయనది ముందు వరస.

ఇంకో ముడి కూడా ఉంది. రామలింగయ్యగారి కుటుంబం పెట్టిన గీతా ఆర్ట్స్ సంస్థ తొలి సినిమా 1974 నాటి 'బంట్రోతు భార్య'. దర్శకుడు దాసరి. కథానాయకుడు మొగల్తూరు కృష్ణంరాజు. డబ్బు పెట్టినవాళ్ళు, తీసినవాడు, ఆడినవాడు అందరూ ఒకే బస్సు రూట్లో వాళ్ళు. రామలింగయ్యగారమ్మాయి సురేఖని 1980లో చిరంజీవి పెళ్ళాడారు. బాపు పుట్టింది నరసాపురంలో. గేయ రచయిత అనంత శ్రీరామ్‌ది పాలకొల్లు పక్కన దొడ్డిపట్ల. ఇంత చిన్న పరిధిలో ఇంతమంది ఎలా పుట్టారని అందరూ అడుగుతారు. నీళ్ళలో ఏదో ఉందని సరదాగా అంటారు గాని, కారణం ఆ నీళ్ళు తెచ్చిన పంటలో ఉంది. రెండు పంటలు చేతికొచ్చిన రైతుకి తీరిక దొరికింది. శ్రీరామనవమి పందిరి కింద, శివరాత్రి తీర్థంలో తెల్లవార్లూ నాటకాలు ఆడించే స్తోమత వచ్చింది. పద్యం తప్పితే పట్టుకునే శ్రోతలు తయారయ్యారు. 1936లోనే రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో వెలిసింది. ఇక ఊరి నటుడికి మద్రాసు అంత దూరంగా అనిపించలేదు.

ఇంత సినిమా పిచ్చి ఉన్న ఊరు 2009 ఎన్నికల్లో ఏం చేసిందో గుర్తుందా? ప్రజారాజ్యం పెట్టిన చిరంజీవి తిరుపతిలోనూ పాలకొల్లులోనూ పోటీ చేశారు. తిరుపతి గెలిపించింది. ఇంటి అల్లుడికి పాలకొల్లు ఓటు వెయ్యలేదు. అభిమానం వేరు, ఓటు వేరు అని అంత స్పష్టంగా చెప్పిన ఊరిని తక్కువగా చూడకూడదు.

వస్తే ఏం చూడాలి

చలికాలం మంచిది. ఉదయాన్నే గుడి. తర్వాత గాంధీ బొమ్మల సెంటరు, యడ్ల బజారు మీదుగా నడవండి. కారులో తిరిగితే ఈ ఊరు అర్థం కాదు. భీమవరం గునుపూడి సోమారామం దగ్గరే. అక్కడి లింగం అమావాస్యకీ పౌర్ణమికీ రంగు మారుతుందంటారు. శివుడి పైఅంతస్తులో అన్నపూర్ణమ్మ కొలువుంటుంది. మధ్యాహ్నం చించినాడ వంతెన దాటితే దిండి. వశిష్ఠ గోదావరి మీద పడవలు, కొబ్బరి తోటల మధ్య బస. ఇటు నరసాపురం వెళ్ళి వలంధర రేవులో నిలబడండి. ఓపికుంటే అవతలి ఒడ్డున గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది, ఇవతల పేరుపాలెం బీచి. జులై నుంచి సెప్టెంబరు లోపు వస్తే, ఎర్రనీళ్ళకి ఎదురీదుతూ సముద్రం నుంచి వచ్చే పులస దొరకవచ్చు. ధర వింటే గుండె ఆగుతుంది. తిన్నాక మళ్ళీ కొట్టుకుంటుంది.

సాయంత్రం మాత్రం పాలకొల్లులోనే ఉండాలి, దిబ్బరొట్టె కోసం. మినప్పప్పు నానబోసి రుబ్బి, వరి నూక కలిపి, మందపాటి మూకుడులో నూనె రాసి పిండి దిమ్మలా పోస్తారు. మూత మీద నిప్పులు, కింద సన్నటి సెగ. తొందరపడితే లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఏమరిస్తే అడుగు మాడుతుంది. సరిగ్గా కాలిన రొట్టె పైన ఎర్రగా కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఆవిరి కక్కుతుంది. దానికి అల్లం పచ్చడి వేస్తారు. అదీ బాగుంటుంది గాని, మీరు చెరకు పానకం అడగండి. రొట్టె తుంపి పానకంలో ముంచుకు తినడమే ఇక్కడి పద్ధతి. నాలుగింటి తర్వాత వెళితే వేడిగా దొరుకుతుంది. ఏడు దాటితే అయిపోయిందండి అంటారు.